ఈరీ కాలువలో డొరతీ గారి పడవ

ఈ వేసవిలో పడవ మీద తిరిగి వచ్చామని చెబితే, డెట్రాయిట్ పక్కన మా ట్రాయ్‌లో తెలుగువాళ్ళందరూ నయాగరా దగ్గర రెయిన్‌కోటు తొడిగించి జలపాతం దగ్గరకి తీసుకెళ్ళే పడవ అనుకున్నారు. అది ఎక్కితే కాసేపట్లో దింపేస్తారు. మేం ఎక్కింది ఇల్లులాంటి పడవ. దాదాపు మూడు వారాలు అందులోనే వండుకుని తిన్నాం, బట్టలుతికి పైకప్పు మీద తాడు కట్టి ఆరేసుకున్నాం, సైకిల్ తొక్కేవాళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళిపోతుంటే చూస్తూ న్యూయార్క్ రాష్ట్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి దాటాం. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

డొరతీ గారు చాలా ఏళ్ళు మా పక్కింటావిడ. నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం, మంచులో కారు డ్రైవ్ చెయ్యడం నేర్పింది ఆవిడే. భర్త వాల్టర్ రిటైరయ్యాక ఇల్లమ్మేసి, ఇద్దరూ ఒక ఇనప పడవ కొనుక్కుని ఈరీ కాలువ మీద కాపురం పెట్టారు. చలికాలం కాలువలో చాలాచోట్ల నీళ్ళు తీసేస్తారు. అప్పుడు బఫెలో దగ్గర టోనావాండా రేవులో పడవ కట్టేసి, కట్టెల పొయ్యి రాజేసుకుని అందులోనే ఉండేవారు. పోయిన చలికాలం వాల్టర్ గుండెపోటుతో పోయాడు. వాళ్ళబ్బాయి పాల్ ఆల్బనీలో ఉంటాడు. తల్లి ఒక్కతే పడవలో ఉండటం అతనికి ఇష్టం లేదు. పడవ కొనే మనిషిని కూడా చూశాడు. కాలువ తూర్పు కొసన వాటర్‌ఫర్డ్‌లో అప్పగించాలి.

"తాళ్ళు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి విమలా. మీ ఆయనకి ఇప్పుడు తీరికే కదా" అని ఫోన్ చేశారావిడ.

తీరికే. మార్చిలో మా వారు శేషగిరి గారిని కార్ల కంపెనీ లేఆఫ్ చేసింది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఈ ఏడాది అది వింత కాదు, చాలా ఇళ్ళల్లో అదే మాట. కానీ ఆయన తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లకి రావడం మానేశారు. ఫోన్ మోగితే "లేనని చెప్పు" అనేవారు. నేను హాస్పిటల్ లాబ్‌లో వెకేషన్ తీసుకున్నాను. మా అమ్మాయిని జెర్సీ సిటీలో మా ఆడపడుచు ఇంట్లో దింపి, ఆవకాయ జాడీతో సహా టోనావాండా చేరాం.

టోనావాండా

పడవ చూడగానే మా వారు "ఇది పడవేంటి, రైలు పెట్టెలా ఉంది" అన్నారు. నిజమే. పొడుగ్గా, వెడల్పుగా, బల్లపరుపుగా, పైన ఆకుపచ్చ రంగు. లోపల వంటగదిలో ఇద్దరం ఒకరికొకరు తగలకుండా తిరగొచ్చు. గ్యాస్ పొయ్యి, నీళ్ళ పంపు, చిన్న ఫ్రిజ్, కిటికీలకి గళ్ళ కర్టెన్లు. వెనకభాగంలో చుక్కాని తిప్పే చక్రం, దాని పక్కన ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద డొరతీ గారు ఎప్పుడూ కూర్చోలేదట.

"నడపడం వాల్టర్ పని. తాళ్ళు నా పని. ఇన్నేళ్ళూ అంతే" అన్నారావిడ. "శేష్, నువ్వు ఇంజనీరువి. నువ్వు నడుపు."

మా వారు మొహమాటంగా స్టూలెక్కారు.

నాకు మాత్రం ఇదంతా కొత్త కాదు. మా నాన్నగారు కోనసీమలో లాకు సూపరింటెండెంటు. గేట్లు మూసి నీళ్ళు వదిలితే పడవ లేవడం, దిగడం మా క్వార్టర్స్ అరుగు మీద కూర్చుని చూస్తూ పెరిగినదాన్ని. మా కాలువల్లో గాలి లేనప్పుడు మనుషులే తాడు భుజానికి వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవ లాగేవారు. ఇక్కడ పూర్వం కంచరగాడిదలు లాగేవట. ఆ గట్టే ఇప్పుడు సైకిళ్ళ బాట అయింది.

లాక్‌పోర్ట్

మొదటి లాకుల్లోనే పొరపాటు జరిగింది. లాక్‌పోర్ట్‌లో ఒకదాని కింద ఒకటి రెండు లాకులు. లోతైన గోతిలోకి దిగుతున్నట్టుంటుంది. గోడకి వేలాడే తాడు పట్టుకుని, నీళ్ళు దిగేకొద్దీ పడవని దానివెంట జారనివ్వాలి. ముందు నేను, వెనక డొరతీ గారు. ఆవిడ టీ కెటిల్ ఆపడానికి ఒక్క నిమిషం లోపలికెళుతూ తాడు మా వారి చేతికిచ్చారు. ఆయన జాగ్రత్త కొద్దీ దాన్ని పడవ కొక్కేనికి బిగించి కట్టేశారు.

నీళ్ళు దిగాయి, పడవ వెనకభాగం దిగలేదు. తాడుకి వేలాడుతూ ఒక పక్కకి ఒరిగింది. లోపల గిన్నెలన్నీ గలగలా పడ్డ చప్పుడు. "కట్టకూడదండీ, వదలాలి!" అని నేను తెలుగులో అరుస్తున్నాను. ముడి బిగిసిపోయి ఊడటంలేదు. పైనుంచి లాకు కీపరు చూసి నీళ్ళు ఆపి, మళ్ళీ కాస్త నింపాడు. పడవ తేలాక ముడి ఊడింది.

ఆవకాయ జాడీ పగిలింది. వంటగది నేలంతా నూనె, కారం. డొరతీ గారు మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తూ, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే నవ్వారు. మా వారు నవ్వలేదు. "ఏ పనికీ పనికిరాకుండా పోయాను" అని మెల్లగా అనడం నేను విన్నాను.

దిగువ లాకు దగ్గర కీపరు కిందికి వంగి చూసి అడిగాడు. "వాల్టర్ లేడా?"

"ఫిబ్రవరిలో పోయాడు" అన్నారు డొరతీ గారు.

అతను టోపీ తీశాడు. నీళ్ళు దిగినంతసేపూ అలాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తరవాత ప్రతి లాకు దగ్గరా, పడవ వస్తే పైకి లేచే ప్రతి లిఫ్ట్ బ్రిడ్జి దగ్గరా అదే ప్రశ్న. మన దగ్గర మనిషి పోతే పరామర్శకి జనమే ఇంటికొస్తారు. ఇక్కడ డొరతీ గారే ఇంటిని నడిపించుకుంటూ పరామర్శ దగ్గరకి వెళ్ళారు. చెప్పినమాటే ప్రతిచోటా మళ్ళీ చెప్పారు. ఒకరోజు నేను "ఈసారి నేను చెప్పనా?" అంటే తల అడ్డంగా ఊపారు. "నేను చెబితేనే నాకు నమ్మకం కలుగుతోంది విమలా."

మెడీనా

లాక్‌పోర్ట్ దాటాక రాచెస్టర్ దాకా లాకులు లేవు. కాలువ పొలాలకంటే ఎత్తుగా, గట్ల మధ్య తిన్నగా పోతుంది. కింద ఆపిల్, చెర్రీ తోటలు. ఒకచోట కాలువ కిందనుంచి రోడ్డు పోతుంది. మా గన్నవరం అక్విడక్టు మీద కాలువ గోదావరి పాయని దాటుతుంది, దాని కింద నది. ఇక్కడ పడవ కింద కార్లు. కారులోంచి ఒక కుటుంబం దిగి గట్టెక్కి మమ్మల్ని చూసి చేతులూపింది. చీర కట్టుకుని పడవ ముందు తాడు చుట్టుకుంటున్న నేను వాళ్ళకి రోడ్డుకంటే పెద్ద వింత అయ్యుంటాను.

మెడీనా రేవులో డాలరుకి బుట్టెడు చెర్రీలు. అమ్మిన ముసలాయన మేం ఇండియా అని తెలిసి, అక్కడ చెర్రీలు దొరకవా అని జాలిపడి దోసిటినిండా కొసరు వేశాడు. మామిడిపళ్ళ గురించి నేనేమీ చెప్పలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే, కాఫీ తాగుతూ డొరతీ గారు "శేష్, ఇవాళ నేను నడుపుతాను" అన్నారు.

"అమ్మేసే పడవ ఇప్పుడెందుకు నేర్చుకోవడం?" అని మా వారు అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

"ఇన్నేళ్ళు ఇందులో బతికాను. ఒక్కసారైనా చక్రం పట్టుకోకుండా దిగిపోతే బాగుండదు."

పట్టుకున్నారు. చక్రం తిప్పిన చాలాసేపటికిగాని ఆ పడవ తిరగదు. తిరగలేదని ఇంకాస్త తిప్పితే అప్పుడు ఒక్కసారిగా తిరుగుతుంది. మధ్యాహ్నానికి పడవ ముక్కు గట్టుకి గుచ్చుకుని, అడుగు బురదలో కూరుకుపోయింది. గట్టు మీద చేపలు పట్టుకుంటున్న ఇద్దరు లేచి పక్కకి జరిగారు, అంతే. మా వారు పొడుగాటి గెడ తీసుకుని నెడుతుంటే డొరతీ గారు స్టూలు దిగి, మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు.

"వాల్టర్‌కి ఎంత సులువుగా ఉండేదో. పాల్ చెప్పింది నిజమే. నేను ఇంట్లో కూర్చోవలసినదాన్నే."

మా వారు గెడ పక్కన పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నారు. ఇంగ్లీషులో, నాకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతులు ఆవిడకి చెప్పారు. లేఆఫ్ కాగితం ఇచ్చినరోజు కారులో కూర్చుని ఇంటికి రావడానికి భయపడ్డానని. పొద్దున లేవగానే టై కట్టుకోబోయి ఆగిపోతున్నానని. స్నేహితులు ఫోన్ చేస్తే జాలిపడటానికే అనిపిస్తోందని.

డొరతీ గారు వింటూ ఆయన మోచేతి మీద చెయ్యి వేశారు. "జాలిపడనీ శేష్. నాకు రోజూ జాలిపడుతున్నారు. చచ్చిపోలేదుగా."

చేపలు పట్టేవాళ్ళు అప్పటికి మనసు మార్చుకుని వచ్చి ముందునుంచి నెట్టారు. పడవ కదిలింది. మా వారు స్టూలు చూపించి "కూర్చోండి" అన్నారు.

మాంటెజూమా చిత్తడి

రాచెస్టర్‌ని దక్షిణంవైపునుంచి దాటి, ఊళ్ళ వెనకగా దిగుతూ పోయాం. ఇక్కడ ఊళ్ళకి కాలువవైపు పెరడు. కాలువలో పోతే అమెరికా వాళ్ళ దొడ్లు కనబడతాయి. ఆరేసిన దుప్పట్లు, తుప్పుపట్టిన ఊయల, టమోటా మొక్కలకి పాతిన కర్రలు. రోడ్డు మీద ఇంతమందిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పెరట్లోంచి "ఎక్కడిదాకా?" అని అడిగేవారు. చెప్పేలోపు దాటి వెళ్ళలేని వేగం కాబట్టి మాటలు సాగేవి. ఒకావిడ కుక్కని వెంటబెట్టుకుని గట్టు మీద నడుస్తూ, తన కూతురి విడాకుల కథంతా చెప్పి, ఊరు అయిపోయాక వెనక్కి తిరిగింది.

నేను ఉప్మా, చారు, అన్నం వండేదాన్ని. డొరతీ గారు చారుని కప్పులో పోసుకుని చక్రం దగ్గర తాగేవారు. మొక్కజొన్న పొత్తులు ఆవిడ నీళ్ళలో ఉడికించి వెన్న రాస్తే, నేను పొయ్యి మీద కాల్చి ఉప్పు, కారం, నిమ్మకాయ రుద్దేదాన్ని. రెండూ వండుకునేవాళ్ళం. పోటీలో ఎవరూ గెలవలేదు.

మాంటెజూమా దగ్గర చుట్టూ రెల్లు, నిలిచిన నీళ్ళు, బూడిదరంగు కొంగలు. మనిషి అలికిడి లేదు. డొరతీ గారి చేతుల్లో పడవ అప్పటికి తిన్నగా పోతోంది. లాకుల్లోకి దూరేటప్పుడు గోడకి రాసుకునేది, రంగు పోయేది. ఒక లాకు కీపరు "వాల్టర్ కూడా మొదటి ఏడాది ఇలాగే గీకాడు" అన్నాడు. ఆవిడ చటుక్కున తిరిగి "అవును కదా, ఆ సంగతే మరిచిపోయాను" అన్నారు. ఆరోజంతా ఆవిడ హుషారుగా ఉన్నారు.

బ్రూవర్టన్

ఒనైడా సరస్సుకి పడమటి ఒడ్డున ఉన్న ఊరు ఇది. కాలువ ఇక్కడ ఆగిపోయి, సరస్సుకి అవతల మళ్ళీ మొదలవుతుంది. సరస్సు పెద్దదే, లోతు తక్కువ. గాలి లేస్తే అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. బల్లపరుపు పడవకి అది మంచిది కాదు. గాలి తగ్గేదాకా రేవులో ఉండిపోయాం.

పక్క పడవ దంపతులు ఉప్పు బంగాళాదుంపలకి పిలిచారు. చిన్నచిన్న దుంపల్ని గుప్పెళ్ళకొద్దీ ఉప్పు వేసిన నీళ్ళలో ఉడికిస్తారు. పైన తెల్లటి పొర కట్టి, లోపల వెన్నలా ఉంటాయి. పూర్వం ఇక్కడ ఉప్పు వండే ఐర్లండు కూలీల తిండట ఇది. మా వారు ప్లేటు రెండోసారి నింపుకోవడం నేను చూశాను.

తిన్నాక ఆయన రేవులో ఉన్న ఫోన్ బూత్‌కి వెళ్ళారు. ఒహాయోలో ఆయన క్లాస్‌మేట్ మూర్తి గారు మార్చినుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఈయన ఎత్తలేదు. డబ్బు అవతలివాళ్ళే కట్టే కలెక్ట్ కాల్ చేశారు.

"ఏరా, బతికే ఉన్నావా?" అన్న మూర్తి గారి గొంతు బూత్ బయట ఉన్న నాకు వినిపించింది.

"ఉన్నాన్రా. పడవలో ఉన్నాను. లేఆఫ్ అయ్యాను, నీకు తెలుసు కదా."

"తెలుసు. అందుకే చేస్తున్నాను. మా ప్లాంట్‌లో పంపుల సెక్షన్‌కి మనిషి కావాలి. జీతం తక్కువ. రెజ్యూమే పంపిస్తావా, లేదా?"

మా వారు రిసీవరు రెండో చెవికి మార్చుకున్నారు. "పంపిస్తాను" అన్నారు. ఇంటికొచ్చాక పంపారు. ఇది రాసేనాటికి జవాబు రాలేదు. కానీ ఫోన్ మోగితే ఆయనే ఎత్తుతున్నారు.

ఒనైడా సరస్సు

పొద్దున గాలి లేదని బయలుదేరాం. సగం దూరం పోయాక పడమటినుంచి మొదలైంది. అద్దంలా ఉన్న నీళ్ళు ముందు నల్లబడ్డాయి, తరవాత తెల్లబడ్డాయి. పడవ వెనకనుంచి ఎత్తి పక్కకి తోస్తున్నట్టుంది. ఏ ఒడ్డూ దగ్గరలో లేదు.

సరస్సు దాటేటప్పుడు మా వారు నడపాలని అనుకున్నాం. ఆయన రెయిలింగు పట్టుకుని వంగి, వాంతులు చేసుకుంటున్నారు. డొరతీ గారు చక్రం దగ్గరకి వెళ్ళారు. స్టూలు మీద కూర్చోలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డారు.

"విమలా, కిటికీలు మూసెయ్. గ్యాస్ కట్టెయ్. తరవాత నా పక్కన నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఏదైనా సరే."

నాకు ఇంగ్లీషులో ఒక్క మాట రాలేదు. తెలుగులో మొదలుపెట్టాను. మా లాకుల దగ్గర వరద రోజుల గురించి, పడవ మీద కొబ్బరికాయలు తీసుకొచ్చే సరంగు గురించి, అలలు ఎదురొస్తే అడ్డం తిరగకూడదని ఆయన చెప్పే మాటల గురించి. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఊపుతూ విన్నారు. చేతులు మాత్రం చక్రాన్ని కొంచెం ఇటు, కొంచెం అటు, ఆగి, మళ్ళీ కొంచెం తిప్పుతున్నాయి. మెడీనాలో మల్లే ఒక్కసారి కూడా ఎక్కువ తిప్పలేదు.

నాకు భయం వేసింది. మా అమ్మాయి గుర్తొచ్చింది. ఈత రాని నేను ఈ నీళ్ళ మధ్య ఏం చేస్తున్నానా అనిపించింది. తూర్పు ఒడ్డున సిల్వన్ బీచ్‌లో జెయింట్ వీల్ పైభాగం కనబడేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.

రేవుకి కట్టాక డొరతీ గారు చక్రం వదలబోతే వేళ్ళు విచ్చుకోలేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. ఆవిడ బల్ల మీద కూర్చుని ఏడ్చారు. వాల్టర్ పోయాక ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. తరవాత ముక్కు తుడుచుకుని, "ఆకలేస్తోంది. ఏం చేశావు?" అన్నారు. ఏమీ చెయ్యలేదు. జెయింట్ వీల్ దగ్గర వేయించిన పిండివంట మీద పంచదార జల్లి అమ్ముతుంటే, ముగ్గురం కాగితం ప్లేట్లలో కొనుక్కుని తిన్నాం.

వాటర్‌ఫర్డ్

రోమ్, యూటికా దాటి, లిటిల్ ఫాల్స్ దగ్గర నాలుగంతస్తుల ఎత్తు లాకు దిగి, మోహాక్ నది వెంట తూర్పుకి పోయాం. దారిపొడుగునా డొరతీ గారు అమ్మకం ఊసెత్తలేదు. మేమూ అడగలేదు.

వాటర్‌ఫర్డ్‌లో మెట్లలా ఐదు లాకులు, వాటి కింద హడ్సన్ నది. నదికి అవతలి ఊరి పేరు కూడా ట్రాయ్. పై లాకు దగ్గర పాల్ ఎదురుచూస్తున్నాడు. పక్కన కొనే మనిషి, వెర్మాంట్ నుంచి వచ్చిన గడ్డం కుర్రాడు, చేతిలో కొలిచే టేపు.

డొరతీ గారు కాఫీ పోసి, అందరినీ కూర్చోబెట్టి, "పాల్, నేను పడవ అమ్మను" అన్నారు.

పాల్ మొహం పాలిపోయింది. "అమ్మా, మనం మాట్లాడుకున్నాం కదా."

"నువ్వు మాట్లాడావు. నేను అప్పుడు వినే స్థితిలో లేను."

"నాన్నకి బాగాలేదని తెలిసి నేను వచ్చేసరికి అయిపోయింది" అన్నాడతను. "రేపు నువ్వు ఏ గట్టు పక్కనో పడిపోతే ఎవరికి తెలుస్తుంది? ఇంకోసారి అలా రావడం నావల్ల కాదమ్మా."

దారిలో నేను ఆవిడ పక్షమే. ఆ అబ్బాయి మాట విన్నాక అతని పక్షం కూడా అయ్యాను.

డొరతీ గారు కప్పు పక్కకి జరిపారు. "చలికాలమంతా మీ ఇంట్లో ఉంటాను. మళ్ళీ కాలువలో నీళ్ళు వదిలాక పడవలో. రాత్రి కట్టేసిన చోటునుంచి నీకు ఫోన్ చేస్తాను. అంతకంటే పెద్ద మాట ఇవ్వలేను పాల్. ఇంట్లో కూర్చోబెడితే మాత్రం నేను పడిపోకుండా ఉంటానా?"

గడ్డం కుర్రాడు టేపు చుట్టేశాడు. ఆవిడ క్షమించమంటే, "మంచి పడవండీ" అని గోడ మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

పాల్ అప్పటికీ ఒప్పుకోలేదు. "లాకులు ఎలా దాటుతావు? నీకు నడపడం ఎక్కడొచ్చు?"

మా వారు లేచి మా సంచులు తెచ్చి గట్టు మీద పెట్టారు. తాడు పాల్ చేతికిచ్చి, "మీరు వెళ్ళి చూడండి. మేం నడిచొస్తాం" అన్నారు. ఆయనకి నేను ఏమీ చెప్పలేదు, సైగ కూడా చెయ్యలేదు.

డొరతీ గారు నన్ను కావలించుకున్నారు. నా బుగ్గ మీద రెండుసార్లు తట్టి వెనకవైపు వెళ్ళారు.

పడవ మొదటి లాకులోకి గోడకి తగలకుండా దూరింది. నీళ్ళు దిగాయి, పాల్ తల మా కాళ్ళకంటే కిందికి పోయింది. మేం సంచులు మోసుకుంటూ రెండో లాకుకి నడిచాం. అక్కడ అతను తాడు ఎలా పట్టుకోవాలో తల్లిని అడుగుతున్నాడు. మూడోదాని దగ్గర అడగలేదు. నాలుగోదాని దగ్గర తల్లి ఏదో అంటే నవ్వాడు. చివరి లాకు కింది గేట్లు మెల్లగా తెరుచుకుంటే ఎదురుగా హడ్సన్, ఎండలో వెడల్పుగా, కాలువకంటే ఎన్నో రెట్లు పెద్దగా.

పడవ నదిలోకి వెళ్ళింది. ప్రవాహం తగలగానే ముక్కు కాస్త పక్కకి పోయింది. డొరతీ గారు సరిచేశారు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతారేమోనని గోడ అంచున నిలబడి చూశాను. పాల్ ఊపాడు. ఆవిడ తిరగలేదు. ఎదురుగా ఒక సరుకుల బార్జి వస్తోంది, ఆవిడ దాన్నే చూస్తున్నారు.